రిప్లీలో ముందు పడవ, తర్వాతే దీపం

అమెరికాలో ఒహాయో నది ఒడ్డున, సిన్సినాటికి ఎగువన సుమారు 50 మైళ్ళ దూరంలో రిప్లీ అనే చిన్న ఊరుంది. నదికి దక్షిణాన, బానిసత్వం అమల్లో ఉన్న కెంటకీ నుంచి తప్పించుకుని వచ్చిన బానిసల్ని నది దాటించి ఉత్తరానికి పంపిన ఊరు అది. ఇలా రహస్యంగా సాయం చేసినవాళ్ళ గొలుసుకట్టునే అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అంటారు. ఆ చరిత్రకి అక్కడ రెండు మ్యూజియాలున్నాయి. ఊరి వెనక కొండ మీద ప్రెస్బిటీరియన్ పాస్టరు జాన్ ర్యాంకిన్ ఇల్లు ఒకటి. కింద ఫ్రంట్ స్ట్రీట్‌లో, నీళ్ళకి ఎదురుగా జాన్ పార్కర్ ఇల్లు రెండోది. ర్యాంకిన్ తెల్లజాతి మనిషి. పార్కర్ బానిసగా పుట్టి, తన స్వేచ్ఛని తనే డబ్బిచ్చి కొనుక్కున్న నల్లజాతి పోతపని కార్మికుడు.

రిప్లీ చూడటానికి వచ్చేవాళ్ళు మామూలుగా కారు నేరుగా కొండ మీదికి పోనిస్తారు. ర్యాంకిన్ కిటికీలో నది దాటేవాళ్ళకి గుర్తుగా రాత్రంతా వెలిగిందని చెప్పే దీపం గురించి వింటారు. అక్కణ్ణించి నది వంపు చాలా అందంగా కనిపిస్తుంది కాబట్టి ఫొటోలు తీసుకుని, చీకటి పడకముందే ఇంటి దారి పడతారు. పార్కర్ ఇల్లు టైముంటే చూసే చోటుగా మిగిలిపోతుంది. ఈ వరస తిరగబడాలని నా వాదన. చూసేవాళ్ళ విషయంలోనే కాదు, మ్యూజియాలు కథ చెప్పే తీరులోనూ తిరగబడాలి. ఎందుకంటే ఆ రాత్రుల్లో పని జరిగిన వరస కూడా అదే. ముందు పడవ వెళ్ళాలి, ఆ తర్వాతే దీపంతో పని.

ముందు ఆ నది సంగతి చూద్దాం. 1787 నాటి నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్ ఒహాయో నదికి ఉత్తరాన బానిసత్వాన్ని నిషేధించింది. అయితే అదే నిబంధనలో, పారిపోయి వచ్చినవాళ్ళని యజమానులు తిరిగి పట్టుకుపోవచ్చని కూడా రాశారు. 1793లో కేంద్ర చట్టం దీన్ని ఇంకా బిగించింది. పైగా ఒహాయో రాష్ట్రం 1804లో, 1807లో నల్లవాళ్ళ మీద సొంత చట్టాలు చేసుకుంది. రాష్ట్రంలో స్థిరపడాలంటే స్వేచ్ఛాపత్రం చూపించాలి, 500 డాలర్లకి జామీను కట్టించాలి. తెల్లవాళ్ళకి వ్యతిరేకంగా కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు. వీటిలో ఎక్కువభాగం 1849 దాకా రద్దు కాలేదు. అవతలి ఒడ్డు చేరగానే స్వేచ్ఛ వచ్చేసినట్టు కొన్ని మ్యూజియం బోర్డులు రాస్తాయి. అది సరికాదు. రిప్లీ నుంచి ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న శాండస్కీ దాదాపు 200 మైళ్ళు. అక్కడ ఓడెక్కి కెనడా చేరితేనే కొంత ధైర్యం. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ రద్దు 1834 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది.

పారిపోయిన బానిసల్ని తిరిగి అప్పగించడం కోసం చేసిన 1850 కేంద్ర చట్టంతో పరిస్థితి ఇంకా ఘోరమైంది. సాయం చేసినవాళ్ళకి 1,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. పట్టుబడ్డ మనిషికి జ్యూరీ లేదు, తన తరఫున తను నోరు విప్పే హక్కు లేదు. విచారించే కమిషనరుకి, ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, వదిలిపెడితే 5 డాలర్లు ఫీజు. అప్పగింతకి రాతపని ఎక్కువ కాబట్టి ఎక్కువిచ్చామని చట్టం చేసినవాళ్ళు సమర్థించుకున్నారు. ఈ చట్టాన్ని వివరించే గోడ మీద ఏ మ్యూజియం అయినా ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెద్ద అక్షరాల్లో పెట్టాలి. పది పేరాలు రాసినా అంత స్పష్టంగా చెప్పలేవు.

ర్యాంకిన్‌ని తక్కువ చేయాలని ఇదంతా రాయడం లేదు. ఆయన 1793లో టెన్నెసీలో పుట్టారు. బానిసత్వానికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు దక్షిణాదిలో నిలవనివ్వకపోతే కుటుంబంతో సహా ఉత్తరానికి వచ్చి, 1822 మొదట్లో రిప్లీ చేరారు. వర్జీనియాలో ఉన్న తమ్ముడు థామస్ బానిసల్ని కొన్నాడని తెలిసి ఆయనకి వరసగా ఉత్తరాలు రాశారు. అవి 1824 నుంచి రిప్లీ పత్రికలో అచ్చయ్యాయి, 1826లో పుస్తకమయ్యాయి. ఆ తమ్ముడు తర్వాత తన బానిసల్ని విడిచిపెట్టి ఒహాయో వచ్చేశాడు. ర్యాంకిన్‌కీ భార్య జీన్‌కీ 13 మంది పిల్లలు. అర్ధరాత్రి తలుపు చప్పుడైతే లేచి, గుర్రాలకి జీను వేసి, వచ్చినవాళ్ళని సుమారు 5 మైళ్ళ దూరంలో ఉన్న రెడ్ ఓక్ అనే ఊరికి చేర్చింది ఆ కొడుకులే. 1841 సెప్టెంబరులో ఒక రాత్రి కొందరు ఆయుధాలతో ఇంటి మీదికి వస్తే ఆ కుర్రాళ్ళు ఎదురుకాల్పులు జరిపి తరిమారు. జీన్ పేరు బోర్డుల మీద ఒక్క వాక్యానికి మించి కనిపించదు. అంత సంసారాన్ని ఈదుతూ, అకస్మాత్తుగా వచ్చే నలుగురైదుగురికి వండి పెట్టి, ఆరిన బట్టలిచ్చి పంపిన ఇల్లాలిని అంత క్లుప్తంగా వదిలేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇక కొండ కిందికి వద్దాం. జాన్ పార్కర్ 1827లో వర్జీనియాలోని నార్ఫోక్‌లో పుట్టారు. ఎనిమిదేళ్ళ వయసులో తల్లి దగ్గర్నుంచి విడదీసి అమ్మేశారు. ఒక ముసలాయనతో కలిపి గొలుసు వేసి రిచ్‌మండ్ దాకా నడిపించారు, అక్కణ్ణించి మరో గుంపుతో అలబామాలోని మొబీల్‌కి. అక్కడ ఒక డాక్టరు కొన్నాడు. డాక్టరు కొడుకులు చాటుగా చదువు నేర్పారు. పోతపని నేర్చుకుని, 1,800 డాలర్లు కూడబెట్టి కట్టి 1845లో స్వేచ్ఛ పొందారు. 1849 ప్రాంతంలో రిప్లీ వచ్చి స్థిరపడ్డారు, తర్వాత సొంత ఫౌండ్రీ పెట్టారు. పొగాకు నొక్కే ప్రెస్సు మీద 1884లో, 1885లో, మట్టిగడ్డలు చితక్కొట్టే యంత్రం మీద 1890లో పేటెంట్లు తీసుకున్నారు. పగలు అచ్చుల్లో ఇనుము పోయడం, రాత్రి పడవ.

ఆ పడవ పని ఎలా జరిగేదో వివరంగా తెలుసుకుంటే తప్ప ఈ రెండు ఇళ్ళ మధ్య తేడా అర్థం కాదు. కెంటకీ ఒడ్డున పడవలున్నవాళ్ళు వాటిని గొలుసులతో కట్టి తాళం వేసేవాళ్ళు, తెడ్లు ఇంట్లో దాచుకునేవాళ్ళు. గస్తీ తిరిగేవాళ్ళూ కుక్కలూ సరేసరి. కాబట్టి నది దాకా వచ్చినవాళ్ళకి దాటే సాధనం ఉండేది కాదు. ఈత రానివాళ్ళు, పిల్లల తల్లులు, ముసలివాళ్ళు అడవిలో దాక్కుని ఎదురుచూడాల్సిందే. వాళ్ళు ఫలానా చోట ఉన్నారన్న కబురు కెంటకీ వైపున్న బానిసలూ స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళూ ఒకరి నుంచి ఒకరికి అందించేవాళ్ళు. అప్పుడు ఒహాయో వైపు నుంచి ఎవరో ఒకరు ఖాళీ పడవతో అవతలికి వెళ్ళాలి. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒహాయో గడ్డ మీద నిలబడి సాయం చేయడం ఒకటి, కెంటకీ గడ్డ మీద కాలు పెట్టడం ఒకటి. నది దాటి అక్కడ పట్టుబడితే కెంటకీ చట్టం ప్రకారం ఏళ్ళ తరబడి జైలు. నల్లవాడైతే కోర్టు దాకా వెళ్ళే హామీ కూడా లేదు.

రెండు కేసుల్ని పక్కపక్కన పెడితే ఈ తేడా కళ్ళకి కడుతుంది. సార్డీనియా అనే పక్క ఊళ్ళో ఉండే జాన్ మేహన్‌ని బానిసలు పారిపోవడానికి సాయం చేశాడన్న ఆరోపణ మీద 1838లో ఒహాయో గవర్నరే కెంటకీకి అప్పగించారు. అక్కడి జ్యూరీ, ఈ మనిషి మన రాష్ట్రంలో కాలే పెట్టలేదు కాబట్టి మన చట్టం వర్తించదని వదిలిపెట్టింది. కాల్విన్ ఫెయిర్‌బ్యాంక్ సంగతి వేరు. ఆయన 1844 సెప్టెంబరులో డీలియా వెబ్‌స్టర్‌తో కలిసి కెంటకీలోని లెక్సింగ్‌టన్ నుంచి, అక్కడ బానిసగా ఉన్న లూయిస్ హేడెన్ కుటుంబాన్ని బండిలో తీసుకొచ్చారు. లూయిస్, ఆయన భార్య హారియట్ ముఖాలకి పిండి పూసుకుని, ముసుగులు వేసుకుని తెల్లవాళ్ళలా కూర్చున్నారు. కొడుకు జోసెఫ్ ఎవరైనా ఎదురైతే సీటు కింద దూరేవాడు. మేస్‌విల్ దగ్గర నది దాటి క్షేమంగా ఉత్తరానికి వెళ్ళిపోయారు. తిరిగి లెక్సింగ్‌టన్ వెళ్ళిన ఫెయిర్‌బ్యాంక్ పట్టుబడ్డారు. 15 ఏళ్ళ శిక్ష పడింది. 1849లో క్షమాభిక్షతో బయటికొచ్చి, 1851లో మరొకరికి సాయం చేస్తూ దొరికి మళ్ళీ జైలుకెళ్ళి 1864లో విడుదలయ్యారు. వెబ్‌స్టర్‌ని రెండేళ్ళ శిక్ష వేసి కొద్ది వారాలకే వదిలారు. ఆ బండి తోలిన ఇజ్రాయెల్ అనే బానిసని మాత్రం విచారణ పేరుతో కొరడాలతో కొట్టారు. ఆయన పేరు చాలా కథనాల్లో కనిపించదు. హేడెన్ తర్వాత బోస్టన్‌లో స్థిరపడి, పారిపోయి వచ్చినవాళ్ళకి తన ఇంటినే ఆశ్రయంగా మార్చారు. ఫెయిర్‌బ్యాంక్ మొదటి విడుదల కోసం డబ్బు పోగుచేసిన మనిషి కూడా ఆయనే.

మళ్ళీ పడవ దగ్గరికి. వెన్నెల రాత్రులు పనికిరావు. నేరుగా ఎదురు ఒడ్డుకి తెడ్డేస్తే ప్రవాహం దిగువకి లాగేస్తుంది, అనుకున్న చోటు తప్పిపోతుంది, చీకట్లో వెతుక్కుంటే చప్పుడవుతుంది. పడవ చిన్నది, ఎంతమంది ఎక్కితే మునుగుతుందో నడిపేవాడికి తెలుసు, ఒడ్డున ఎంతమంది ఉంటారో మాత్రం తెలియదు. పార్కర్ చెప్పిన ఒక సంఘటన ఇలాంటిదే. పది మంది గుంపుని ఒడ్డుకి తెచ్చారు, వెనక వేటగాళ్ళు తరుముకొస్తున్నారు, దొరికింది ఒక్క చిన్న పడవ. ఇద్దరు మగవాళ్ళకి చోటు చాలలేదు. ఒడ్డున మిగిలినవాళ్ళలో ఒకడు తన భర్త అని పడవలోని ఒక స్త్రీ ఏడ్చింది. అప్పుడు పడవలో ఉన్న ఒంటరి మనిషి ఒకడు మాట్లాడకుండా లేచి దిగి, ఆ భర్తకి తన చోటిచ్చాడు. అతను తర్వాత పట్టుబడ్డాడు. అతని పేరు మిగల్లేదు.

ఇంకో సంఘటన. ఒక దంపతులు పారిపోతారేమోనని అనుమానించిన యజమాని, వాళ్ళ పసిబిడ్డని రోజూ రాత్రి తన మంచం కాళ్ళ వైపు పడుకోబెట్టుకునేవాడు. పక్కన కుర్చీ మీద వెలుగుతున్న కొవ్వొత్తి, పిస్తోళ్ళు. బిడ్డ లేకుండా తల్లి కదలదని వాడి లెక్క. పార్కర్ నది దాటి, ఆ ఇంట్లోకి దూరి, పాక్కుంటూ మంచం చుట్టూ తిరిగి బిడ్డని ఎత్తుకున్నారు. ఆ తొందరలో కొవ్వొత్తి ఆరిపోయింది. చీకట్లో పరుగెత్తి తల్లిదండ్రులతో సహా నది దాటించారు. ఆ యజమాని కొడుకు పార్కర్ ఫౌండ్రీలోనే పని చేసేవాడు. ఇంత చిన్న లోకంలో, ఒకరి ముఖం ఒకరు రోజూ చూసుకునే మనుషుల మధ్య ఈ పోరాటం సాగింది. ఎక్కడో దూరాన ఉన్న దుర్మార్గుల మీద యుద్ధంలా చెప్పే మ్యూజియాలు ఈ సంగతిని పోగొట్టుకుంటున్నాయి.

దాటాక నడిచే క్రమం కూడా గమనించాలి. ఫ్రంట్ స్ట్రీట్‌లోనే వడ్రంగి కాలిన్స్ ఇల్లూ, పందిమాంసం వ్యాపారి మెకేగ్ ఇల్లూ ఉన్నాయి. పార్కర్ వాళ్ళకి అప్పజెప్పి తన ఇంటికి పోయేవారు. తెల్లారేలోపు కొండ మీదికో, వాగు వెంబడి రెడ్ ఓక్‌కో తరలించడం వాళ్ళ వంతు. పార్కర్ రాత్రిపూట వీధి మధ్యలో నడిచేవారట, సందుల్లో పొంచి ఉన్నవాళ్ళకి అందకుండా.

ఒహాయో వైపు నుంచే సాయం వెళ్ళిందనుకుంటే అదీ పొరపాటే. ఆర్నాల్డ్ గ్రాగ్‌స్టన్ కెంటకీలోని మేసన్ కౌంటీలో బానిస. 1859 ప్రాంతంలో, 19 ఏళ్ళప్పుడు, ఒక అమ్మాయిని రిప్లీకి దాటించమని ఎవరో అడిగితే భయపడుతూనే ఒప్పుకున్నారు. ఆ తర్వాత నాలుగేళ్ళు నెలకి మూడు నాలుగు రాత్రులు పడవ నడిపారు. అవతల మనుషుల్ని దించి, తను మళ్ళీ బానిసత్వంలోకే తెడ్డేసుకుని వచ్చేవారు. చివరికి గుట్టు బయటపడే పరిస్థితి వచ్చాక భార్యతో సహా దాటిపోయారు. 1930ల్లో ఫ్లోరిడాలో ప్రభుత్వ రచయితల పథకం వాళ్ళు ఆయన్ని కలిసి ఈ మాటలు రాసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 97. ర్యాంకిన్ ఇంటి దీపం గురించి మనకున్న గట్టి సాక్ష్యాల్లో ఒకటి గ్రాగ్‌స్టన్‌దే. పెరట్లో 30 అడుగుల ఎత్తున లైట్‌హౌస్ లాంటిది ఉండేదని ఆయన చెప్పారు. కిటికీలో దీపమని మిగతావాళ్ళు చెప్పారు. ఏది ఎలా ఉన్నా, ఆ దీపాన్ని చూసి దారి పట్టిన చేతుల్లో తెడ్డుందన్నది మర్చిపోకూడదు.

మంచు మీద దాటిన తల్లి కథ కూడా ఇక్కడిదే. 1838 ఫిబ్రవరిలో నది సగం గడ్డకట్టింది. దాటడానికి అన్నిటికన్నా చెడ్డ సమయం అది. పడవ కదలదు, మంచు మనిషి బరువు ఆపదు. ఆమె బిడ్డని పట్టుకుని విరుగుతున్న మంచు పలకల మీదుగా ఒడ్డు చేరింది. అక్కడ కాపలా ఉన్న మనిషి ఆమెని పట్టుకోకుండా కొండ మీది ఇల్లు చూపించాడని ర్యాంకిన్ కుటుంబం చెప్పింది. 1852లో వచ్చిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ నవల ఈ ఘటనని ప్రపంచమంతా తెలిసేలా చేసింది. ఆమె కొన్నేళ్ళ తర్వాత మిగిలిన పిల్లల కోసం మళ్ళీ కెంటకీకి తిరిగొచ్చిందని కూడా ర్యాంకిన్ కుటుంబమే చెప్పింది. నవలలో లేని ఆ రెండో ప్రయాణమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ రెండు ఇళ్ళ చరిత్ర. ర్యాంకిన్ ఇంటిని ఒహాయో రాష్ట్రం 1938లో కొని, బాగుచేసి, 1948లో జనానికి తెరిచింది. పార్కర్ 1900లో చనిపోయారు. 1880ల్లో ఫ్రాంక్ గ్రెగ్ అనే విలేఖరి ఆయన్ని కలిసి రాసుకున్న కాగితాలు డ్యూక్ యూనివర్సిటీ లైబ్రరీలో దశాబ్దాలపాటు ఉండి, 1996లో గానీ పుస్తకంగా రాలేదు. ఆయన ఇంటిని కాపాడే ప్రయత్నం కూడా దాదాపు అప్పుడే ఊపందుకుంది. 1997లో రెండు ఇళ్ళకీ ఒకేసారి జాతీయ చారిత్రక కట్టడం హోదా ఇచ్చారు. అప్పటికి ఒకటి దాదాపు 60 ఏళ్ళుగా ప్రభుత్వ సంరక్షణలో ఉంది. కొండ మీద ఇంటికి పేరు, నది ఒడ్డు ఇంటికి ఆలస్యం ఎలా వచ్చాయో ఈ తేదీలే చెబుతాయి. ఈ తేదీల్ని రెండు మ్యూజియాల గోడల మీదా రాయాలి.

కాగితాలు లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. పార్కర్ తను దాటించినవాళ్ళ పేర్లు, తేదీలు, వివరాలు ఒక డైరీలో రాసుకునేవారు. అందులో 315 మంది ఉన్నారని ఆయనే చెప్పారు. 1850 చట్టం వచ్చాక, అది దొరికితే ఆస్తి మొత్తం పోతుందని గ్రహించి తన ఫౌండ్రీ కొలిమిలో పడేశారు. ర్యాంకిన్ ఉత్తరాలు అచ్చులో మిగలడానికీ, పార్కర్ డైరీ బూడిదవడానికీ ఎవరి ప్రాణానికి ఎంత ముప్పుందన్న తేడాయే కారణం. అందుకే ఎవరి కాగితాలు ఎక్కువ మిగిలాయన్న దాన్ని బట్టి గోడ మీద చోటు పంచడం న్యాయం కాదు.

కాగితాలు లేని చోట కట్టుకథలు చేరతాయి. సొరంగాల కథ వాటిలో మొదటిది. వరదలొచ్చే నది ఒడ్డున మట్టిలో సొరంగం తవ్వితే నీరు ఊరి కూలిపోతుంది. పైగా ఆ పనికి కూలీలూ నెలలూ కావాలి, ఊరంతా తెలిసిపోతుంది. కొన్ని గంటలు దాచడానికి కొట్టం, అటక, మొక్కజొన్న చేను సరిపోతాయి. బొంతల మీద రహస్య సంకేతాలు కుట్టేవాళ్ళన్నది రెండోది. తప్పించుకున్నవాళ్ళు ఆ రోజుల్లో చెప్పుకున్న సాక్ష్యాల్లో దానికి ఆధారం లేదు. పిల్లలకి బాగుంటుందని ఆ బొంతల్ని గిఫ్ట్ షాపుల్లో అమ్మడం మానేయాలి.

అంకెలతో కూడా జాగ్రత్త అవసరం. ర్యాంకిన్ ఇంటి మీదుగా 2,000 మంది దాటారని తరచూ చెబుతారు. అది అంచనా, అంచనా అనే రాయాలి. 1860 జనాభా లెక్కల్లో ఆ ముందు ఏడాదిలో పారిపోయినవాళ్ళని 803గా చూపించారు. యజమానులు చెప్పిన లెక్క కాబట్టి తక్కువే అయి ఉండొచ్చు. అదే లెక్కల్లో బానిసలు 39,53,760 మంది, ఒక్క కెంటకీలోనే 2,25,483. తప్పించుకోవడం ఎంత అరుదో, ఎంత కష్టమో ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడకపోతే తెలియదు.

సిన్సినాటిలో 2004లో తెరిచిన నేషనల్ అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ ఫ్రీడమ్ సెంటర్ తప్పకుండా చూడాలి. అందులో అన్నిటికన్నా బరువైన వస్తువు మేసన్ కౌంటీ నుంచి విప్పి తెచ్చి నిలబెట్టిన దుంగల గిడ్డంగి, సుమారు 21 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, రెండంతస్తులు. 1830ల్లో జాన్ ఆండర్సన్ అనే వ్యాపారి దక్షిణాదికి అమ్మబోయే మనుషుల్ని అందులో బంధించేవాడు. పై అంతస్తు దూలానికి ఇనప కడియాలు ఇంకా ఉన్నాయి. అది రిప్లీకి నది అవతలి కౌంటీదే. పారిపోయినవాళ్ళు దేనికి భయపడి ఆ చీకట్లో నీళ్ళలోకి దిగారో ఆ కడియాలు చూశాకే అర్థమవుతుంది. అందుకని రిప్లీకి ముందు అది చూడటం మంచిది.

సిన్సినాటి, డేటన్, కొలంబస్‌లలో ఉన్న తెలుగు కుటుంబాలకి ఇదంతా ఒక్క రోజు ప్రయాణం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని నయాగరా తీసుకెళ్ళే వేసవిలోనే దీనికీ ఒక శనివారం పెట్టుకోవచ్చు. రిప్లీ మ్యూజియాలు చలికాలంలో మూసేస్తారు. మే నుంచి అక్టోబరు మధ్యలో, అదీ వారంలో కొన్ని రోజులే తెరుస్తారు కాబట్టి బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కోండి. 52 నంబరు హైవే నది పక్కనే వెళుతుంది. ముందు మేస్‌విల్ వంతెన దాటి కెంటకీ వైపు వెళ్ళి, బీర్‌బోవర్ హౌస్‌లోని మ్యూజియం చూసి, ఆ ఒడ్డు నుంచి ఉత్తరానికి చూడండి. తర్వాత వెనక్కొచ్చి పార్కర్ ఇల్లు, ఆఖరున కొండ. పెద్దవాళ్ళుంటే మెట్లెక్కించకండి, పైకి కారు వెళుతుంది. మెట్లు కూడా తర్వాత కట్టినవే. ఒక సంగతి గుర్తుంచుకోండి: దిగువన కట్టిన మెల్డాల్ డ్యాము వల్ల ఇప్పుడు మీరు చూసే నది ఆనాటికన్నా వెడల్పు, లోతు. అప్పట్లో ఎండాకాలంలో కొన్ని చోట్ల నడిచి దాటేంత తగ్గేది.

లోపల తిప్పి చూపించే వాలంటీర్లని ప్రశ్నలు అడగండి, వాళ్ళకి బోర్డుల మీద లేనివి చాలా తెలుసు. ఆ పడవలు ఎవరివి? కెంటకీ వైపు నుంచి కబురు తెచ్చిందెవరు? రిప్లీ ఉన్న బ్రౌన్ కౌంటీలో, శామ్యూల్ గిస్ట్ అనే యజమాని దగ్గర్నుంచి విడుదలైన బానిసలు 1819 ప్రాంతం నుంచి స్థిరపడ్డ గిస్ట్ గ్రామాలు ఎంతమందికి తిండి పెట్టి దాచాయి? జవాబు దొరకని ప్రశ్నల్ని విజిటర్స్ పుస్తకంలో రాసి రండి. చిన్న మ్యూజియాల వాళ్ళు ఆ పుస్తకం చదువుతారు, వచ్చే ఏడాది గోడ మీద ఏం మార్చాలో అందులోంచే కొంత నిర్ణయించుకుంటారు. టికెట్టు పైన ఇంకో పది డాలర్లు ఇవ్వగలిగితే పార్కర్ ఇంటి డబ్బాలో వేయండి, పై ఇంటి వెనక రాష్ట్ర సంస్థ అండ ఉంది.